ట్యాంకు మూత మీద పసుపు

మా ఇంట్లో మొదటి కారు పద్దెనిమిది కిలోమీటర్లు దివ్యంగా నడిచింది. ఆ తరవాత ఆగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. నేను నిడదవోలు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. స్కూటరు వెనక కూర్చున్న మా అమ్మ చేత ప్రతి స్పీడ్‌బ్రేకరు దగ్గరా దేవుడికి దణ్ణం పెట్టించడం ఇక చాలనిపించి, రాజమండ్రి వెళ్లి తెల్లరంగు డీజిల్ కారు బుక్ చేశాను. కారంటూ కొంటే షోరూం నుంచి తిన్నగా అన్నవరం కొండకే వస్తామని అమ్మ సత్యనారాయణస్వామికి అప్పటికే మాటిచ్చి ఉంది. నాకు కారు కొనే ఉద్దేశం లేని రోజుల్లోనే ఇచ్చింది.

డెలివరీ రోజు షోరూం మేనేజరు గారు గుమ్మంలోకి ఎదురొచ్చారు. చాలా మర్యాదస్తుడు. "ట్యాంకులో ఐదు లీటర్లు మా తరఫునండి. మా డ్రైవరు ఇప్పుడే పోయించుకొచ్చాడండి" అన్నారు. డ్రైవరు యాభై ఏళ్ల మనిషి, మంచి మీసం. ఆ మీసం చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. నాకూ కలిగింది.

తరవాత పూజ. కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు అయ్యాక, అమ్మ ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న పసుపు ముద్ద తీసింది. పళ్లెం మేనేజరు గారే పట్టుకున్నారు. బానెట్టుకి రాసింది, తలుపులకి రాసింది, డిక్కీకి రాసింది. ట్యాంకు మూత దగ్గర ఆగింది.

"అమ్మా, అది డీజిల్ పోసే మూత. దానికెందుకే?"

"తెరుచుకునేదేగా? ఇంట్లో గడపకి రాయట్లేదూ?"

ఫిజిక్సు మేష్టారు పక్కకి తప్పుకున్నాడు. గడపకి రాసినట్టే రాసింది. మూతనీ, చుట్టూ ఉన్న సందునీ, పక్క రేకునీ కలిపేసి, బెత్తెడు వెడల్పున దట్టంగా అలికి, మధ్యలో కుంకుమ పెట్టింది. తెల్లకారు మీద అది ఎంత ముచ్చటగా ఉందో చెప్పను. దారిలో ఎక్కడైనా టీకి ఆగినప్పుడు అమ్మ చూడకుండా తుడిచేద్దామని జేబులో ఒక గుడ్డ పెట్టుకున్నాను.

రాజానగరం దాటాక కారు దగ్గింది. ముందు చిన్నగా, తరవాత ఆస్తమా ఉన్నట్టు. నేను యాక్సిలరేటరు నొక్కుతుంటే సైకిళ్లు మమ్మల్ని దాటుకుని వెళ్లడం మొదలుపెట్టాయి. చివరికి రోడ్డు పక్కన, ఒక టీకొట్టు ఎదురుగా ప్రాణం వదిలింది.

"స్వామి దయవల్ల నీడపట్టున ఆగింది" అంది అమ్మ.

ఎలాగూ ఆగాం కదా అని నేను గుడ్డ తీసి వెనక్కి వెళ్లాను.

"ఏంట్రా ఆ గుడ్డ?"

"అద్దం తుడుద్దామనీ..."

అద్దమే తుడిచాను.

టీ తాగుతున్న లారీ డ్రైవరొకాయన వచ్చి, ఒకసారి స్టార్ట్ చెయ్యమన్నాడు. చెవి ఒగ్గి విన్నాడు. కారు టకటకమని నాలుగు దెబ్బలు కొట్టుకుని ఊరుకుంది. "డీజిల్ బండికి పెట్రోల్ పట్టించారేంటండీ?" అన్నాడు. వాసన చూద్దామని మూత మీద చెయ్యి వెయ్యబోతే అమ్మ అడ్డం వెళ్లింది. "వద్దు నాయనా, బొట్టు చెదిరిపోతుంది. కొండ ఎక్కేదాకా అలాగే ఉండాలి."

ఎస్టీడీ బూత్ నుంచి షోరూంకి ఫోన్ చేశాను. గంటలో జీపులో మేనేజరు గారు, ఆ మీసం డ్రైవరు దిగారు. మేనేజరు గారి మర్యాద అలాగే ఉంది గానీ, చేతిలో వారంటీ పుస్తకం కూడా ఉంది. తప్పు ఆయిలు పోయించుకుని ఇంజను పాడుచేసుకుంటే కంపెనీకి సంబంధం లేదని అందులో చీమల్లాంటి అక్షరాలతో రాసి ఉందట. అంటే పద్దెనిమిది కిలోమీటర్ల వయసున్న ఆ ఇంజను పోతే, పోయింది నాదే.

"చదువుకున్నవారు, మిమ్మల్ని అనకూడదు గానీండి, దారిలో ఎక్కడైనా ఫుల్ ట్యాంక్ చేయించారేమో గుర్తు తెచ్చుకోండి."

"మేం ఎక్కడా ఆగలేదండీ."

"ఆగారని నేననట్లేదండీ. ఆగలేదనడానికి రుజువేంటండీ అంటున్నానండీ."

"పోసింది మీరేనండీ!"

"పోశాం కాదనటంలేదండీ. డీజిలే పోశామండీ."

ఇద్దరికీ ఎంత కోపం వచ్చిందంటే, వాక్యానికి రెండేసి అండీలు పడుతున్నాయి.

అమ్మ ఈలోగా పులిహోర గిన్నె దింపింది. వ్రతమయ్యాక తిందామని తెచ్చింది. "ఎండపూట ఎందుకు నాయనా, ముందు తినండి. తరవాత పోట్లాడుకుందురుగాని." మేనేజరు గారు రెండు చేతులా విస్తరాకు అందుకున్నారు. డ్రైవరూ అందుకున్నాడు గానీ తినకుండా ఆకులోకి చూస్తూ నిలబడ్డాడు.

వడ్డిస్తూ వడ్డిస్తూ అమ్మ మామూలుగానే అంది. "అయినా మూతే తియ్యలేదు కదా బాబూ. తీస్తే ఆ పసుపు అలా ఉంటుందా?"

మేనేజరు గారు ఆకు బానెట్టు మీద పెట్టి, మోకాళ్ల మీద వంగి చూశారు. ఎండకి పసుపు పెచ్చుకట్టి, మూతకీ రేకుకీ మధ్య సందుని ఎక్కడా వెంట్రుకంత బీట లేకుండా మూసేసి ఉంది. కుంకుమ కూడా చెదరలేదు.

"ఇది పోయించుకొచ్చాక రాశారాండీ?" అని నెమ్మదిగా అడిగారు.

"పళ్లెం పట్టుకుంది మీరేగా బాబూ" అంది అమ్మ.

అప్పుడు డ్రైవరు నోరు విప్పాడు. "నావల్లేనండీ. ఇన్నాళ్లూ ఈ మోడల్లో పెట్రోల్ బళ్లే కదండీ వచ్చింది. డీజిల్‌ది ఇదే మొదటిదండి. అలవాటు చొప్పున ఆ పంపు దగ్గరే ఆపేశానండీ."

మేనేజరు గారు తనే లోపల మీట లాగారు. టప్‌మని మూత తెరుచుకుంది, పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలింది, పెట్రోల్ వాసన గుప్పుమంది. "అయ్యో, చక్కగా పెట్టానే" అని అమ్మ ఒక్కతే బాధపడింది. మేనేజరు గారు డెలివరీ కాగితం వెనకే రాసిచ్చారు: తప్పు షోరూందే, ట్యాంకూ పైపులూ శుభ్రం చేయిస్తాం, ఇంజనుకి ఏమైనా మాదే పూచీ అని. అమ్మ కాగితం వైపు చూడలేదు. "ఆ అబ్బాయిని ఏమీ అనకండేం" అని మాట మాత్రం తీసుకుంది. అబ్బాయి అప్పటికి పులిహోర తినడం మొదలుపెట్టాడు.

జీపులో అన్నవరం దింపుతామంటే అమ్మ ఒప్పుకోలేదు. మొక్కుకున్నది కారులో కదా. "బయల్దేరాం, దారిలో ఉన్నామని స్వామికి చెప్పుకున్నాను" అంది. అలా మూడు రోజులు, నిడదవోలులో ఇంట్లోనే కూర్చుని, మేం దారిలో ఉన్నాం.

నాలుగో రోజు షోరూంకి వెళ్తే ఇంజనుకి ఏమీ కాలేదన్నారు. కారు నిజంగానే హాయిగా పలికింది. మేనేజరు గారు స్వయంగా పంపు దాకా వచ్చి, డీజిల్ అని బోర్డు పైకే చదివి, నా చేత కూడా చదివించి, పోయించారు. మూత తనే బిగించారు. తరవాత పళ్లెం పట్టుకుని అమ్మ ముందు నిలబడ్డారు.

"అమ్మగారూ, ఈసారి ఇంకొంచెం దట్టంగా రాయండి."

అమ్మ రాసింది. ఒకచోట సందు సరిగ్గా మూసుకోలేదని మేనేజరు గారే వేలితో సర్దారు. చెయ్యి తుడుచుకోడానికి అటూ ఇటూ చూస్తుంటే, జేబులో గుడ్డ తీసి ఆయనకిచ్చాను.