కార్డులో లేని మేనమామ

ఆ అరబ్బు దేశంలో మఫ్రఖ్ అనే కూడలి దాటాక రోడ్డుకు ఒకవైపు లేబర్ క్యాంపులు, రెండోవైపు మా కాలేజీ. మా కాలేజీ అంటున్నానని అందులో చదివాననుకోకండి. తొమ్మిదో తరగతితోనే చదువుకు దండం పెట్టినదాన్ని నేను. అయినా ఆ కాలేజీ గురించి అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసని ఈ రోజుకీ పందెం కాస్తాను. వాళ్ళు మధ్యాహ్నానికల్లా కార్లెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరు అన్నం తినలేదో, ఎవరు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో చూసింది మేము.

అది సర్కారు కాలేజీ. ఆడపిల్లలకు మాత్రమే, రెండేళ్ళ చదువు. చదువు, హాస్టలు, తిండి, పుస్తకాలు అన్నీ సర్కారువే. కొండల కింది ఊళ్ళనుంచి, సముద్రం ఒడ్డు పల్లెలనుంచి, ఎక్కడో ఇసుక మధ్య ఉన్న ఖర్జూరం తోటలనుంచి వచ్చేవాళ్ళు పిల్లలు. రోజూ వచ్చిపోయే దూరాలు కావు కాబట్టి అక్కడే ఉండేవాళ్ళు. మొదటి ఏడు ఇంగ్లీషు, కంప్యూటరు, లెక్కలు. సగంమంది ఆ ఇంగ్లీషుతోనే కుస్తీ పట్టేవాళ్ళు. రెండో ఏడు ఆఫీసు పనో, ఆసుపత్రి రికార్డులో, ల్యాబు పనో, ఎవరికి నచ్చింది వాళ్ళు నేర్చుకునేవాళ్ళు. ఆఖర్న కొన్ని వారాలు ఏదో ఒక ఆఫీసులో కూర్చుని నిజంగా పనిచేసి రావాలి. "నేనిక్కడ ఉండలేను" అని తొలివారం నా కొంగు పట్టుకుని ఏడ్చిన పిల్లే, రెండో ఏడు వచ్చేసరికి సెలవంటే మొహం వేలాడేసేది.

హాస్టలు మూడంతస్తులు, గదికి నలుగురు. గదుల్లో ఊద్ ధూపం వెయ్యకూడదని ప్రతి తలుపు మీదా రాసి ఉండేది, ప్రతి గదిలోనూ వేసేవాళ్ళు. పొగకు మంటల గంట మోగేది, మూడంతస్తుల పిల్లలూ అబాయాలు, అంటే నల్ల బురఖాలు, చుట్టుకుని కిందికి పరిగెత్తేవాళ్ళు. ఏ గదిలో వేశారో నేను మెట్లెక్కకుండానే చెప్పేదాన్ని. ఒక్కో ఇంటి ధూపానికి ఒక్కో వాసన.

నేను రాయచోటినుంచి ముందు ఒక అరబ్బుల ఇంట్లో పనికి వచ్చాను. వాళ్ళ పిల్లల పక్కన కూర్చుని కూర్చుని అరబ్బీ మాటా వచ్చింది, అక్షరమూ వచ్చింది. తర్వాత ఒక కంపెనీ తరఫున ఈ కాలేజీలో తుడిచే పనిలో చేరాను. ఒకరోజు ముదీరా, అంటే మా పెద్ద మేడమ్, పెట్టెల మీది పేర్లు నేను చదివి ఏ గదివి ఆ గదికి చేర్చడం చూసింది. మర్నాటినుంచి నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టింది. కుర్చీ, రిజిస్టరు, తాళాల గుత్తి. చీపురు వదిలి కుర్చీ ఎక్కిన రోజు నా నడకే మారిపోయిందని తోటి ఆడవాళ్ళు ఎగతాళి చేశారు. మారదా మరి!

గేటు అంటే బుధవారమే. అప్పట్లో అక్కడ సెలవులు గురువారం, శుక్రవారం. బుధవారం మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు పోయి శనివారం పొద్దున బస్సుల్లో వచ్చేవాళ్ళు. పోయేటప్పుడు మాత్రం ఇంటివాళ్ళు వచ్చి తీసుకుపోవాలి. ఒక్కో పిల్లకు ఒక కార్డు ఉండేది. తీసుకుపోయేవాళ్ళ పేర్లు, ఫోటోలు, కింద తండ్రి సంతకం. కార్డులో ఉన్నవాడు వస్తేనే గేటు తెరుచుకునేది. ఒకసారి ఒక పిల్ల సొంత అన్నే వచ్చాడు. ఫోటోలో గడ్డం లేదు, మనిషికి బారెడు గడ్డం. పాస్‌పోర్టు తెచ్చుకో పో అని వెనక్కి పంపాను. పిల్ల లోపల నవ్వి నవ్వి చచ్చింది. అంత గట్టిదాన్ని నేను. నా చేతుల మీదుగా ఒక్క పిల్ల కూడా తప్పుగా బయటికి పోలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని.

రెండో ఏడు పిల్లల్లో ఒకమ్మాయి ఆసుపత్రి రికార్డుల పని నేర్చుకుంటుండేది. చురుకైనది. నాకు కంప్యూటరులో పేరు కొట్టడం నేర్పింది తనే. అమ్మానాన్నలు విడిపోయి వేరువేరు ఊళ్ళలో ఉండేవాళ్ళు. పిల్ల తండ్రి దగ్గర. తండ్రి ఎక్కడో సరిహద్దులో డ్యూటీ, అందుకని ప్రతి బుధవారం మూడింటికి చిన్నాన్న వచ్చి తీసుకుపోయేవాడు. ఇంక నాలుగు నెలలైతే చదువు పూర్తి.

ఒక బుధవారం పన్నెండింటికి ఆ పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మకు ఆపరేషన్. రెండింటికి లోపలికి తీసుకుపోతారట. మా ఖాల్ వచ్చాడు, పంపించు. నాన్న ఫోను కలవడం లేదు."

ఖాల్ అంటే మేనమామ, వాళ్ళమ్మకు తమ్ముడు. గేటు బయట నిలబడి ఉన్నాడు. చేతిలో పాస్‌పోర్టు, కళ్ళు ఎర్రగా. అచ్చం ఆ పిల్ల ముక్కే. కార్డు తీసి చూశాను. తండ్రి, అన్న, చిన్నాన్న. ఖాల్ పేరు లేదు. ముదీరా ఏదో మీటింగని సిటీకి పోయింది.

అప్పుడు నా బుర్రలో మెదిలింది కాలేజీ రూలు కాదు, మా ఊరు. మా వైపు పుట్టువెంట్రుకలు తీయాలన్నా, చెవులు కుట్టాలన్నా బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది మేనమామ. పెళ్ళిలో పిల్లను గంపలో మోసుకొచ్చేదీ ఆయనే. తండ్రి లేకపోయినా శుభకార్యం జరుగుతుందేమో గానీ, మేనమామ లేకుండా జరగదు. మేనమామ వచ్చి అక్క బిడ్డను అక్క దగ్గరికి తీసుకుపోతానంటే అడ్డం చెప్పడానికి నేనెవరు? రిజిస్టరులో అనుమతి ఇచ్చినవాళ్ళ సంతకం ఉండాల్సిన చోట నా పేరే రాసి గేటు తీశాను.

మూడింటికి మామూలుగా చిన్నాన్న వచ్చాడు. "వాళ్ళ ఖాల్‌తో పోయింది, అమ్మకు ఆపరేషనంట" అన్నాను, ఏదో మంచి కబురు చెప్పినట్టు. అతని మొహం నల్లబడింది. గిరుక్కున తిరిగి కారెక్కి పోయాడు.

వంటింట్లో పనిచేసే నెల్లూరు అక్కకు, మేమంతా ఆపా అని పిలిచే ఆమెకు, ఈ సంగతి చెబితే గరిటె కింద పెట్టేసింది.

"ఏంది అట్టా చేసినావు? కార్డులో పేరు లేకండా ఎట్టా పంపిచ్చినావమ్మా?"

"మేనమామ గదా ఆపా!"

"మనకి మేనమామ. ఈళ్ళకి బిడ్డ మీద హక్కంతా నాయన వైపోళ్ళదే. ఆ పిల్ల నాయనకి తల్లి ఇంటోళ్ళతో మాటల్లేవంట, నీకు తెలీదా?"

నాకు తెలీదు. కార్డులో పేర్లు చదవడం తెలుసు గానీ, లేని పేరు ఎందుకు లేదో ఆలోచించడం తెలీదు. గురువారం, శుక్రవారం ముద్ద దిగలేదు. అసలు అతను మేనమామేనా? ముక్కు పోలిక చూసి పంపేశానే, పాస్‌పోర్టు సరిగ్గా చదివానా?  కంచే చేను మేసినట్టు కాపలాదాన్ని నేనే గేటు తెరిచాను.

శనివారం పొద్దున మొదటి బస్సులోనే ఆ పిల్ల దిగింది. "అమ్మ లేచి కూర్చుంది" అంది. నా ప్రాణం కూడా లేచి కూర్చుంది. కానీ ఆ సంతోషం ఒక్కరోజే.

ఆదివారం తండ్రి వచ్చాడు, డ్యూటీ బట్టల్లోనే. ముదీరా గదిలోకి నన్ను పిలిచారు. పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"కాగితాలు ఇవ్వండి. నా కూతురు చదివింది చాలు, ఖలాస్" అంటున్నాడాయన. "నా సంతకం లేకుండా మీ కాలేజీ నా బిడ్డను ఎవరికైనా ఇచ్చేస్తుందా?"

పిల్ల ఏడవలేదు. పళ్ళు బిగబట్టి నేలవైపు చూస్తోంది. అది చూశాక నేను ఊరుకోలేకపోయాను.

"పిల్ల తప్పు లేదు, పంపింది నేను. మా దేశంలో మేనమామ తండ్రితో సమానం. ఆ లెక్కన పంపేశాను."

"ఇది మీ దేశం కాదు" అన్నాడు.

"అవును. అందుకే శిక్ష నాకు వెయ్యండి. రెండేళ్ళు చదివి నాలుగు నెలల ముందు ఇంట్లో కూర్చోబెడితే, తప్పు చేసింది నేను, శిక్ష దానికా?"

ముదీరా నావైపు కళ్ళెర్రజేసింది. నేను ఆగలేదు, నా నోరు అంతే.  ఆయన కూతురివైపు తిరిగి, "ఆపరేషన్ దేనికి?" అని అడిగాడు. అంతవరకూ ఆ మాట ఆయనకు సరిగ్గా ఎవరూ చెప్పలేదని అప్పుడర్థమైంది. పిల్ల మెల్లగా చెప్పింది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఈ మనిషి గేటు దగ్గర ఉంటే నా కూతురు ఇక్కడ ఉండదు" అన్నాడు చివరికి.

ముదీరాకు ఆ మాట నాతో చెప్పడం కష్టంగా ఉంది. ఆ కుర్చీలో కూర్చోబెట్టింది తనే కదా. తను నోరు తెరవకముందే నేను నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాను. గర్వంగానే పెట్టాను. బయటికొచ్చాక మాత్రం స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. దాచడమెందుకు, అది పిల్ల కోసం కాదు. నా కుర్చీ కోసం.

నన్ను బట్టలుతికే గదికి మార్చారు. దుప్పట్లు, దిండు గలీబులు, ఆవిరి. గేటుకు కొత్తగా వచ్చినామె రూలు తప్పదని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు వినబడినప్పుడల్లా నేను ఇస్త్రీ పెట్టె కాస్త గట్టిగానే నొక్కేదాన్ని.

నాలుగు నెలల తర్వాత పట్టాలిచ్చే రోజు వచ్చింది. హాల్లో తల్లులు, అక్కలు, నాయనమ్మలు. ఆ పిల్ల పేరు పిలిచినప్పుడు కేరింతలు మా గదిదాకా వినబడ్డాయి. ఆ పిల్లకు వాళ్ళ ఊరి ఆసుపత్రిలోనే పని ఖాయమైందని ఆపా వచ్చి చెప్పింది.

ఇంకో గంటకు మా గది గుమ్మంలో ఒకామె నిలబడింది. సన్నగా, రంగు తగ్గి ఉంది. అదే ముక్కు. ఎవరని అడగక్కర్లేదు. సలాములయ్యాక అడిగింది, "నా బిడ్డను పంపింది నువ్వేనా?"

"నేనే. తప్పు చేశాను" అన్నాను. అది తప్పే. రేపింకెవడో వచ్చి ఖాల్‌నంటే ఏం చేసేదాన్ని?

ఆమె నా తడి చేతులు రెండూ పట్టుకుంది.

"లోపలికి తీసుకుపోతుంటే బతుకుతాననుకోలేదు. తలుపు దాకా నా బిడ్డ చెయ్యి నా చేతిలోనే ఉంది" అంది.

గేటు పోయిందని నాలుగు నెలలుగా లోలోపల కుమిలిపోతున్నాను. ఆ రోజుతో అది ఖలాస్.