దొడ్డుప్పుతో నేను చేసిన సముద్రం

మా చిన్నప్పుడు... ఒక శనివారం పొద్దున, చర్చి మీటింగులకు బందరు వెళ్లిన మా బాపు రైలు దిగి ఇంటికొచ్చి, తడి తువ్వాల మూట నా ముందు విప్పాడు. అన్నీ గవ్వలూ, శంఖాలే! వరంగల్‌లో పుట్టిన నాకు సముద్రమంటే మ్యాపులో నీలం రంగు... అంతే.

అందులో ఒక శంఖం నడిచింది!

"ఓయమ్మ! గిండ్ల ఎండ్రికాయ పిల్లున్నదే!" అంది బాపు వాళ్లమ్మ, మా బాపమ్మ.

"అది పెరిగినకొద్ది పెద్ద శంఖంలకు ఇల్లు మారుతదట. ఆడి జాలరోళ్లు చెప్పిన్రు" అన్నాడు బాపు.

నాకు ఒళ్లు పులకరించింది. శంఖంలో ఒక ప్రాణి కాపురముంటుందని అప్పటిదాకా తెలియదు మరి! ఎలాగైనా బతికించి, సోమవారం బడిలో సైన్సు టీచరుకు చూపించాలి...

"బాపూ, సముద్రం ఎంత ఉప్పగుంటది?"

"నోట్లె పోసుకుంటే ఉమ్మేసేటంత, బిడ్డా."

ఇంకేం! సత్తు గిన్నెలో బోరింగు నీళ్లు పోసి, దొడ్డుప్పు వేస్తూ, వేలు ముంచి నాకుతూ, ఉమ్మేస్తూ... సముద్రం చేసేశాను. పారిపోతుందని పైన పళ్లెం మూత కూడా పెట్టాను. ఎంత తెలివో!

ఆదివారం చర్చి నుంచి వచ్చి మూత తీస్తే, అది శంఖం వదిలి మొత్తం బయటికొచ్చేసి ఉంది. ముందు గట్టి కాళ్లు... వెనక మెత్తగా, వంకర తిరిగిన ఒళ్లు.

"ఇల్లు మారుతాంది! ఉరికి రాండ్రి!" అని వాడకట్టంతా వినబడేలా అరిచాను. పిల్లలంతా వచ్చి చప్పట్లు కొట్టారు.

బాపు తెచ్చిన శంఖాలు చాలవన్నట్టు, ఎవరినీ ముట్టనివ్వని తన పచ్చీసు ఆట గవ్వలు బాపమ్మే తెచ్చి గిన్నెలో వేసింది. "ఏది నచ్చితే గది తీస్కోనీ... మనం చింతగింజలతోని ఆడుకుందాం" అంది. అది ఒక గవ్వను కాలితో తడిమి చూసింది. తర్వాత కదల్లేదు.

"ఇల్లు నచ్చలేదేమో, బిడ్డా" అంది బాపమ్మ. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇంటర్‌లో జువాలజీ మేడమ్‌ను అడిగితే నెమ్మదిగా చెప్పారు... నీళ్లు పడక ఊపిరాడనప్పుడు కూడా అది శంఖం వదిలేస్తుందట.

ఇప్పటి పిల్లలు ఫోన్‌లో రెండు నిమిషాల్లో సముద్రం అడుగంతా చూసేస్తున్నారు. ఏ ప్రాణికి ఏ నీళ్లు కావాలో కూడా చెబుతారు. సంతోషమే... మాకు అడగడానికి ఎవరూ లేరు. అది ఊపిరాడక విలవిల్లాడుతుంటే, మేం చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టాం.

మీరూ ఇలా ప్రేమతోనే ఏ ప్రాణినైనా కష్టపెట్టారా? అలాంటిదేమైనా ఉంటే రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త తేలికవుతుంది.