వల వాటా

మా రేవులో ఒళ్ళొంచినవాడికే కూడు అనుకుంటే పొరపాటే. పడవ ఒడ్డుకొచ్చాక ఇసక మీద చేపల్ని కుప్పలు పెడతారు. పడవకో కుప్ప, వలకో కుప్ప, వేటకెళ్ళిన మనిషికో కుప్ప. పడవ మా మామది, అంటే అమ్మ తమ్ముడిది. వల మా అయ్యది. అందుకని అయ్యకి రెండు కుప్పలొచ్చేవి, ఒకటి రెక్కల కష్టానికి, ఇంకోటి వలకి.

గుండెనొప్పితో అయ్య పోయాక రెక్కల కుప్ప ఆగిపోయింది. వల మాత్రం మామ పడవలో వేటకెళ్తూనే ఉంది. దాని కుప్ప అమ్మ తట్టలో పడుతూనే ఉంది. నా జీతం ఉంది, గోపాలపట్నం బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడితే వచ్చేది. వెనక గది అద్దె ఉంది, పోర్టులో పనిచేసే గోదావరాయన ఇచ్చేది. ఆ రెండూ అమ్మ ఉప్పుకీ పప్పుకీ వాడేసేది. వల కుప్ప అమ్మిన డబ్బు మాత్రం విడిగా కొంగున ముడేసుకునేది. "ఇది మీ అయ్య సంపాదన" అనేది.

అందుకే ఆ వలంటే అమ్మకి ప్రాణం. మామ తెచ్చి అరుగు మీద పడేస్తే చాలు, సూదీ దారం పట్టుకుని కూర్చుండిపోయేది.

"ఇందులో అయ్య కొన్న దారం మూరెడైనా మిగిలిందేటే?" అని విసుక్కునేదాన్ని.

"నోర్ముయ్యే! అతుకులెన్నేసినా వల ఆయందే."

మొన్న ఆ వల పోయింది. పోర్టు బయట ఆగి ఉన్న ఓడ కదిలి, వలని లాక్కుపోయింది. మామ ప్రాణాలతో రావడమే గొప్ప. మర్నాడు గేలాలేసుకుని వెళ్ళొచ్చాడు. దొరికిన కాసిని చేపల్నీ పంచుతూ, పాపం, అలవాటుకొద్దీ వల కుప్ప కూడా పెట్టేశాడు.

"వల నేదు గదరా తమ్ముడూ, ఈ కుప్పేటి?" అంది అమ్మ.

మామ నాలిక్కరుచుకున్నాడు. "పోనీ ఉంచుకో అప్పా."

"గేలం సేపకి వల వాటా ఏటిరా? మిగతావోళ్ళ నోరు కొట్టి నాను తినాలా?"

"నా జీతంతో కొత్త వల కొంటానే అమ్మా" అన్నాను.

"కొను. అది నీ వల. దానికొచ్చింది నీ సంపాదన." అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. "మీ అయ్యకి ఈ రేవులో ఇంకేటుందే, ఓలమ్మీ!"

మామ కళ్ళు తుడుచుకుంటూ, ఆ కుప్పలో చేపల్ని ఒక్కొక్కటే తీసి మిగతా కుప్పల్లో కలిపేశాడు.