పాప చేతిలో పెట్టే కొసరు

మా చెల్లెలు పిల్లలతో నెల్లూరు నుంచి వస్తుందట. పుదుచ్చేరిలో ఎక్కడ తినాలో, ఏమేం చూడాలో రాసి పంపమంది. పాప నిద్రపోయాక రాద్దామని కూర్చున్నాను. పెళ్లయి ఈ ఊరికి వచ్చి ఇన్నేళ్లయింది కదా, చేతికి వచ్చినట్టు రాసెయ్యొచ్చు అనుకున్నాను. తీరా చూస్తే నాకు తెలిసిందల్లా ఎక్కడ తినకూడదో. అది చెల్లెలికి పనికిరాదు. కాబట్టి నా కోసమే రాసుకుంటున్నాను. మా అత్తగారింట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా చదవడం ఎవరికీ రాదు. ఆ ధైర్యం ఒకటి.

నా కూతురికి నాలుగేళ్లు. జీడిపప్పు పడదు. పడదు అంటే రెండు దద్దుర్లు లేచి తగ్గిపోయే రకం కాదు. దానికి రెండేళ్లప్పుడు నెహ్రూ వీధిలో ఒక మిఠాయి కొట్లో మైసూరుపాకు కొన్నాం. డబ్బా కడుతూ కొట్టాయన, ముద్దొచ్చిందేమో, హల్వా ముక్క ఒకటి దాని నోట్లో పెట్టాడు. ఇంటికి చేరేలోపల పెదవులు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి ఈలలాగా రావడం మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరు, ఈసారికి గండం గడిచింది, ఇంకోసారి గొంతు మూసుకుపోవచ్చు అన్నారు. పలుకు కూడా వద్దు, జీడిపప్పు తగిలిన గరిటె కూడా వద్దు అన్నారు. ఆ రోజు నుంచి మందు సీసా లేకుండా నేను గడప దాటలేదు.

ఇది జీడిమామిడి నేల. ఊరు దాటితే ఎర్రమట్టిలో ఎటు చూసినా జీడితోటలే. ఇక్కడ దాన్ని ముందిరి అంటారు. పొంగల్లో ముందిరి, ఉప్మాలో ముందిరి, కూర్మాలో రుబ్బిన ముందిరి, బేకరీ బిస్కెట్టు నడుమ బొట్టు పెట్టినట్టు సగం ముందిరి. మిగతా ఊళ్లలో కరివేపాకు ఎట్లాగో ఇక్కడ ఇది అట్లాగ.

వైట్ టౌన్‌లో కాఫీ దుకాణాలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఊళ్లో నా బాధ అర్థమయ్యేది వాళ్లకే. ఆర్డరు తీసుకునే ముందే మీకు పడనివి ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. మొదటిసారి ఆ ప్రశ్న విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ శనివారం, ఆదివారం చెన్నై వాళ్లు, బెంగళూరు వాళ్లు పసుపు గోడలకు ఆనుకుని ఫొటోలు దిగుతుంటారు. కుర్చీ దొరికేసరికి పాప ఆకలితో నేల మీద పడి దొర్లుతుంటుంది. దొరికినా అది తినగలిగేది ఉత్త బ్రెడ్డు. మా అత్తగారికి గుడ్డు వాసన గిట్టదు, ఆ గుమ్మం తొక్కరు.

బీచ్ రోడ్డు నాకు ఇష్టం. సాయంత్రం బండ్లు ఆపేస్తారు, పిల్ల ఎంత పరిగెత్తినా భయం లేదు. భయం బెంచీల దగ్గర. ప్రతి బెంచీ మీదా ఒక అవ్వ, ప్రతి అవ్వ ఒళ్లో ఒక పొట్లం. ఐస్‌క్రీమ్ బండి సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్ని డబ్బాలకూ ఒకటే గరిటె. కడగమంటే మనల్ని పిచ్చివాళ్లలాగా చూస్తారు. బొటానికల్ గార్డెన్‌లో చెట్లు బాగుంటాయి. పిల్లల రైలు తిరిగితే తిరుగుతుంది, లేకపోతే లేదు. అక్కడ కూడా పక్క కుటుంబం వాళ్లు టిఫిన్ డబ్బా తెరవగానే మొదటి ముద్ద మా దానికే.

ఈ ఊళ్లో నాకు అసలు చిక్కు కొనే వాటితో కాదు. కొనేదాన్ని అడగొచ్చు, వాసన చూడొచ్చు, వద్దనొచ్చు. చిక్కంతా కొసరుతో. దుకాణానికి పిల్లతో పోతే దాని చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా పంపరు. బెల్లం ముక్కో, బిస్కెట్టో, నాలుగు ముందిరి బద్దలో. బజారులో మా మామగారిని ఎరగనివాళ్లు లేరు, ఆయన మనవరాలికి ఇంకో రెండు బద్దలు ఎక్కువ. వద్దంటే చెయ్యి విదిలించినట్టు. వ్యాపారస్తుల ఇంటి కోడలు ఇంకో వ్యాపారి చేతి కొసరు కాదనడం మా ఇంట్లో పెద్ద తప్పు.

మా మామగారిది పెద్ద మార్కెట్ దగ్గర పప్పు దినుసుల అంగడి. కందిపప్పు, మిరపకాయలు, చింతపండు, ఎదురుగా చేతికి అందేట్టు ముందిరి డబ్బాలు. తల్లి వెంట వచ్చిన ఏ పిల్లనీ ఆయన ఖాళీ చేత్తో పంపరు. "బిడ్డ చెయ్యి నిండితే అంగడి నిండుతాది" అంటారు.

వచ్చే సోమవారం నేను మళ్లీ ఉద్యోగానికి పోవాలి. పాప పుట్టాక మానేసిన పని, ఎంతో బతిమాలితే తిరిగి ఇస్తామన్నారు. మధ్యాహ్నం బడి వదలగానే పాపను మామగారు తీసుకొచ్చి, నేను వచ్చేదాకా అంగడిలోనే ఉంచుకుంటారట. అత్తగారు కూడా అక్కడే ఉంటారు. వాళ్లు ఆనందంగా ఒప్పుకున్నారు. నాకు నిద్ర కరువైంది. ఎందుకంటే డాక్టరు మాట వాళ్లు ఒక్కనాడూ నమ్మలేదు.

"ముందిరి అమ్మే ఇంట్లో పుట్టిన బిడ్డకి ముందిరి పడదా? యాడన్నా ఉందా ఈ చోద్యం?" ఇది అత్తగారి మాట.

"ఆ పొద్దు వేడి చేసుంటాది. ఎండలో తిప్పినారు గదా" ఇది మామగారిది.

రిపోర్టు తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను. దాని మీద కూరగాయల సంచి తగిలించే అయస్కాంతం పెట్టారు. ఆసుపత్రిలో తీసిన ఫొటో చూపించాను. అత్తగారు మొహం తిప్పుకుని "దిష్టి తగులుతాది, తీసెయ్యి" అన్నారు. మా ఆయన ఇద్దరి మధ్యా నిలబడి, "వాళ్లు కావాలని పెడతారా?" అంటాడు. కావాలని ఎవరు పెడతారు? ప్రేమతోనే పెడతారు. నా భయం ఆ ప్రేమే.

మొన్న ఆదివారం నేను ఉద్యోగానికి పోబోతున్న సంతోషంలో అందరం బయట తిందామన్నాడు మా ఆయన. కొత్తగా తెరిచిన ఏసీ హోటలు. తెల్ల గుడ్డ పరిచిన బల్లలు, వెయ్యి రకాల మెనూ. నేను సర్వర్‌ను పిలిచి, పాపకు ముందిరి పడదు, ఏ కూరలో లేదో చెప్పమని తమిళంలో అడిగాను.

"దీంట్లో అస్సలు లేదక్కా. నన్ను నమ్మండి."

వచ్చింది చూస్తే తెల్లటి చిక్కటి గ్రేవీ. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. నున్నగా, తియ్యగా, సందేహమే లేదు. మళ్లీ పిలిచాను.

"లేదన్నావే తమ్ముడూ?"

"ముందిరి లేదక్కా, చూడండి, ఒక్క పలుకన్నా కనిపిస్తుందా? ఇది పేస్టు."

నా గొంతు లేచింది. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. మేనేజరు వచ్చి నవ్వుతూ, అయితే పాపకు మా తరఫున ఐస్‌క్రీమ్ అన్నాడు. పైన బాదం, ముందిరి చల్లిన ఐస్‌క్రీమ్. నేను పాపను ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

"పండగ పూట రచ్చ చేసినట్టు చేస్తివే" అన్నారు అత్తగారు మెట్లు దిగుతూ. "అందరూ మనల్నే చూసిరి."

"అత్తా, వాడు పాపకు విషం పెట్టబోయినాడు."

"విషమంట! మీ మామ దినమూ కిలోలు కిలోలు అమ్మేది విషమా?"

మామగారు కోసపాళయంలో తనకు తెలిసిన టిఫిన్ కొట్టు ఉందని, ఇడ్లీ అయితే గొడవ ఉండదని అక్కడికి నడిపించారు. చిన్న కొట్టు, గోడకు ఆనించిన బల్లలు. దాని యజమాని మామగారి పాత స్నేహితుడు, మన తెలుగాయనే. కొట్టుకు కావలసిన సరుకంతా మామగారి దగ్గరే కొంటాడు. ఇడ్లీ పిండిలో ఏమీ ఉండదు, చట్నీ నేను చూసి పెట్టాను. పాప తిన్నది. చాలా రోజుల తర్వాత నేను కూడా బల్లకు ఆనుకుని కూర్చున్నాను.

అప్పుడు ఆయన చక్కెర పొంగలి తెచ్చాడు. చిన్న అరిటాకు ముక్కలో, నెయ్యి కారుతూ, పైన వేయించిన ముందిరి గుప్పెడు.

"ఇది లెక్కలో లేదన్నా. మనవరాలికి. నీ అంగడి ముందిరే, చూడు ఎట్ల మెరస్తా ఉండాయో!"

పాప చెయ్యి చాచింది. నేను మామగారి వైపు చూశాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయన ఆకును దగ్గరికి లాక్కుని ముందిరి బద్దలు ఒక్కొక్కటే ఏరి తన ఇడ్లీ పక్కన పెట్టుకుంటూ, "పప్పు ఏరేస్తే సరిపాయె, దీనికేం" అని, మిగిలిన పొంగలి వేళ్లతో తీసి పాప నోటి దాకా తెచ్చారు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మామగారి చెయ్యి, నలుగురిలో. పొంగలి బల్ల మీద పడింది.

యజమాని మొహం మాడిపోయింది. "ఏందమ్మా? మా చేతిది మీ బిడ్డ తినగూడదా?"

నేను మొదలుపెట్టాను. డాక్టరు, ఆసుపత్రి, గొంతు, ఊపిరి. నా మాటలు నాకే పొంతన లేకుండా వినిపించాయి. ఆయన తల అడ్డంగా ఊపుతూ, "ఈ కాలం డాక్టర్లు అన్నిటికీ అదే పాట. మేం తినలేదా, పెరగలేదా?" అన్నాడు. మామగారు తల వంచుకుని తడి చెయ్యి తుడుచుకుంటున్నారు. ఆ వంచిన తల చూసి అత్తగారు ఓర్చుకోలేకపోయారు. నా మీద జాలితో కాదు, మొగుడి పరువు కోసం.

"అది కాదన్నా" అన్నారామె లేచి నిలబడి. "దీనికి చెప్పేది తెలీలేదు. బిడ్డకి జబ్బు చేసినప్పుడు తిరుమల పెరుమాళ్లకి మొక్కుకున్నాం. మొక్కు తీరేదాకా బిడ్డ ముందిరి ముట్టరాదు."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. చెంపలు వేసుకున్నాడు.

"అపచారం, అపచారం! ముందే ఒక మాట అనరాదా తల్లీ? నా చేత్తో ఎంత పని చేయించబోతిరి!"

ఆకు తీసేశాడు. బల్ల కడిగించాడు. చేతులు కడుక్కుని, పాపకు కొత్త ఆకు వేసి, వేరే గరిటెతో చట్నీ వేశాడు. వేరే గరిటె! నేను అడగలేదు. ఊరంతా తిరిగి ఎన్నిచోట్ల అడిగానో, ఎంతమంది నవ్వారో. ఇక్కడ అడగకుండానే వచ్చింది.

దారిలో మా ఆయన నవ్వాపుకోలేక, "అమ్మా, భలే అబద్ధం చెప్తివే" అన్నాడు.

"అబద్ధమేంది రా? పెరుమాళ్ల పేరు చెప్పి నోట అన్నాక అది మొక్కే" అన్నారు అత్తగారు. ఆమె నవ్వలేదు.

నిజంగానే మొక్కయింది. మర్నాడు పొద్దున వంటింట్లో ముందిరి సీసా లేదు. అత్తగారు పోపుడబ్బా కడిగి ఎండబెట్టారు. నేను దోసె పెనం తియ్యబోతే, "అది వద్దు, మొన్న దాంట్లో ముందిరి వేయించినాను, బిడ్డకి వేరే పెనం" అన్నారు. సాయంత్రం అంగడికి పోయి చూస్తే డబ్బాలన్నీ వెనక గదిలోకి మారాయి. మామగారు ముందిరి తూచి వచ్చి, చెయ్యి కడుక్కుని గానీ పాపను ముట్టుకోవడం లేదు. ఎవరి పిల్లలొచ్చినా కొసరు కింద బెల్లం ముక్క పెడుతున్నారు. ఎదురు కొట్టాయన పాప చేతిలో ఏదో పెట్టబోతే, "మొక్కు, మొక్కు" అని అంత దూరం నుంచే అరిచారట.

నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ దాని కింద ఒక మంట ఉంది, ఆరడం లేదు. పలుకు తగిలినా ప్రమాదం అని రెండేళ్లుగా నేను చెప్పిందే కదా ఇదంతా! కాగితాలు చూపించి, ఏడ్చి, అరిచి చెప్పాను. అప్పుడు అది చదువుకున్న కోడలి చాదస్తం. ఇప్పుడు అదే గరిటె, అదే పెనం, ఎంగిలి తగలకూడని మడి అయింది. వాళ్లకు అర్థం కాక కాదు. ఎంగిలి అంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాళ్లు. నా నోటి మాటకు అంత బరువు లేదు, అంతే. కాఫీ దుకాణంలో ఆర్డరు తీసుకునే పిల్లకు ఉన్న నమ్మకం నా మీద నా ఇంట్లో లేదు.

ఇక ఈ మొక్కుతో రెండు తలనొప్పులు. మొదటిది, మొక్కు అన్నాక తీర్చాలి. మా ఆయన అప్పుడే వచ్చే నెల తిరుమల దర్శనం టికెట్లు చూస్తున్నాడు. తీరిపోతే మర్నాడే పొంగలి మీద ముందిరి. పాపకు కాస్త ఊహ రానీ, చలి తగ్గనీ, ఎండలు పోనీ అని ఏవేవో చెప్పి ఆపుతున్నాను. కొండకు పోవద్దని మొగుడిని ఆపే ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో.

రెండోది ఇవాళ సాయంత్రం తెలిసింది. పిస్తా కూడా జీడిపప్పు జాతే, పాపకు అదీ తగలకూడదని డాక్టరు అప్పుడే చెప్పారు. మామగారు పాప కోసం ఒక డబ్బా పిస్తా తెచ్చారు. ముందిరి లేదు గదా పాపం, దానికి బదులు అని. మూత తియ్యకముందే అందుకున్నాను.

అత్తగారు పూజగదిలో వత్తులు చేసుకుంటుంటే పోయి పక్కన కూర్చున్నాను.

"అత్తా, మొక్కులో పిస్తా కూడా చేర్చండి."

"ఏందమ్మాయ్, పెరుమాళ్లతో బేరమా? ముందు ఒకటి, మళ్లీ ఒకటి?"

"మనది అంగడి ఇల్లే కదా అత్తా."

ఆమె వత్తి పక్కన పెట్టి నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉందో, ఇంకేముందో నాకు తెలియలేదు.

"డాక్టరు చెప్పినాడా, నువ్వే కట్టి చెప్తా ఉండావా?"

"డాక్టరే అత్తా. కాగితంలో ఉంది."

"కాగితం నాకొద్దు. శనివారం రానీ, దీపం పెట్టి చెప్తా" అని మళ్లీ వత్తి తిప్పుకున్నారు.

సోమవారం ఆఫీసుకు పోతాననే అనుకుంటున్నాను. శనివారం దాకా మాత్రం పిస్తా డబ్బా నా బీరువాలో, చీరల కింద ఉంటుంది.