మూడు ఫ్యూజులు, ఏడుగురి లెక్క

మా కరెంటాయన పోయాడు. ఆ కబురు మా అబ్బాయి నారాయణగూడ చౌరస్తాలోని కరెంటు సామాన్ల దుకాణం నుంచి తెచ్చాడు. పంపింది నేనే. "పొద్దుగాల్నే వస్తనన్నోడు పదైనా రాలే, చెవి పట్టుకొని తీసుకురా పో" అని. ఆ దుకాణం మెట్టు మీదే ఆయన పనిసంచి పక్కన పెట్టుకొని కూర్చునేవాడు. ఆ రోజు మెట్టు ఖాళీ. తెల్లవారుతుండగా అంబర్‌పేటలోని ఇంట్లో గుండె ఆగిందట. విని నేను మొదట అడిగిన మాట సిగ్గు విడిచి రాస్తున్నాను: "మరి మన ఫ్యూజులు?"

చిక్కడపల్లిలో మా ఇంటి బోర్డును ఇరవై ఏళ్లుగా ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదు. విప్పే ముందు మెయిన్ ఆపేవాడు. పింగాణీ ఫ్యూజులు మూడూ ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు, తాను లోపల చెయ్యి పెట్టినప్పుడు ఇంకెవరూ కరెంటు ఇవ్వకుండా. తర్వాత బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్టు ల్యాంపు పట్టుకొని పక్కింటికి వెళ్లి, అక్కడి ప్లగ్గులో అది వెలుగుతుందని చూసుకొని, వచ్చి మా బోర్డుకు ఆనించి, మళ్లీ పక్కింటికే నడిచేవాడు.

"మళ్లీ ఎందుకయ్యా? వాళ్లింట్ల చాయ్ బాగుంటదా?"

"మధ్యల బల్బే మాడిపోయిందనుకోండ్రమ్మా. కరెంటు లేదనుకొని చెయ్యి పెడ్త. రేపు మీరు తిట్టనీకి నేనుండ."

ఒక్కో మర బిగించి, ఒక్కో తీగనూ ఊగే పన్నును చూసినట్టు మెల్లగా లాగి చూసేవాడు. బల్లి గుడ్లు, బూజు దులిపేవాడు. ఎర్తు గుంతలో బకెట్టు నీళ్లు పోయించేవాడు. అసలు తతంగం అంతా చివర్లో. కరెంటు ఇచ్చే ముందు ఇంటిల్లిపాదీ ఆయన కంటికెదురుగా చేతులు కట్టుకొని నిలబడాలి. ఎవరి చెయ్యీ నల్లా మీదో, ఇస్త్రీపెట్టె మీదో ఉండకూడదు. మేం ఆరుగురం. "నన్ను కల్పి ఏడుగురు" అని లెక్క ముగించాకే ఫ్యూజు పెట్టేవాడు. ముప్పై ఏళ్లు బడిపిల్లలను వరసలో నిలబెట్టినదాన్ని, ఆయన ముందు నోరు మూసుకొని వరసలో నిలబడ్డాను. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ మొదలుపెట్టిన రోజు పూజారి చేత గంట కూడా కింద పెట్టించాడు. ముహూర్తం దాటిపోతుందని పూజారి గొణిగితే, "గంట ఇత్తడిది పంతులుగారూ" అన్నాడట.

"కరెంటు కన్న తొందరనే ఎక్కువ మందిని సంపిందమ్మా" అనేవాడు. నేను నవ్వేదాన్ని.

పోయిన వారం ముసురుకు మా మెట్ల కింది గోడ తడిసి ముద్దయింది. బోర్డు ఆ గోడకే, రేకు పెట్టెలో ఉంది. స్విచ్ వేస్తే చిటపటలాడింది. మధ్యాహ్నం పిలిపించాను. చూశాడు. ఫ్యూజులు జేబులో వేసుకున్నాడు.

"గోడ పచ్చిగుందమ్మా. ఇయ్యాల కరెంటు ఇయ్య. పొద్దుగాల్నే వచ్చి పెట్టె మొత్తం దించి చూస్త."

మా ఆయనకు ఉబ్బసం. వాన ఆగి ఉక్కపోస్తోంది. మంచం పట్టె రెండు చేతులా పట్టుకొని ఊపిరి కోసం కొట్టుకుంటున్నారు.

"అయ్యగారిని పక్కింట్ల పండబెట్టండ్రి, ఫ్యానుంటది."

"పక్కింటోళ్ల ఫ్యాను కింద నేను చావ" అన్నారు మా ఆయన, ఉన్న ఊపిరంతా ఆ ఒక్క మాటకే ఖర్చు చేసి.

నేను బతిమాలాను. కరెంటాయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అరిచాను. "ఒక్క ఫ్యానుకన్న ఇయ్యవయ్యా! మనిషి పోతే నీ జేబుల ఫ్యూజులు లేపుతయా?"

ఆయన నా వైపు చూడకుండా గోడవైపు చూస్తూ అన్నాడు: "ఒక్కసారి గిట్లనే తొందరపడ్డనమ్మా. లెక్కపెట్టలే. మా తమ్ముడు నిచ్చెన మీదున్నడు."

ఇరవై ఏళ్లలో ఆ సంగతి ఎన్నడూ నోట రాలేదు. నేనేమన్నానో వినండి. "మీ తమ్ముని కథ తర్వాత వింట. ముందు ఫ్యూజు పెట్టు."

ఆయన జేబు గుండీ పెట్టుకున్నాడు. సంచి భుజాన వేసుకున్నాడు. "పొద్దుగాల్నే వస్తమ్మా" అని వాకిలి మెట్లు దిగాడు. ఆ తర్వాత విసనకర్రలతోనే మా ఆయన్ను కాచుకున్నాం.

తమ్ముని కథ తర్వాత వింటనన్న ఆ మాటను వెనక్కి తీసుకునే దారి మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నా దగ్గర ఇంతకాలం మాటలకు కొదవ లేదు. ఇప్పుడు ఒక్కటీ పనికి రావడం లేదు.

అంబర్‌పేట వెళ్లాం. ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఆమే కళ్లు తుడుచుకొని లోపలికి వెళ్లి, చేతిరుమాలు మూట ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. మూడు ఫ్యూజులు.

"ఇంక తెల్లారకముందే లేసి సంచి సదురుకున్నడమ్మా. జర ఆగి పోరాదు, చాయ్ పెడ్త అన్న. 'చిక్కడపల్లి అయ్యగారికి గాలి ఆడుతలేదు, జల్ది పోవాలె' అన్నడు. గడప కాడ్నే కూలబడ్డడు."

జీవితమంతా తొందర వద్దన్న మనిషి చివరికి మా కోసమే తొందరపడ్డాడు.

రెండు రోజుల తర్వాత అదే దుకాణం నుంచి ఇంకొకాయన వచ్చి పెట్టె దించాడు. వెనక తీగ తొడుగు చివికిపోయి, రాగి బయటపడి రేకుకు ఆనుకొని ఉంది. మా ఆయన మేడ మెట్లు ఎక్కే ముందు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేది ఆ రేకు పెట్టె మీదే. నేను అడిగిన ఫ్యాను కరెంటాయన ఇచ్చి ఉంటే, ఈ స్మృతి ఇంకొకరి మీద రాయాల్సి వచ్చేది.

తీగ మార్చారు. గోడ ఆరింది. కొత్తాయన ఫ్యూజు చేతిలోకి తీసుకొని "కరెంటు ఇస్తున్నమ్మా" అన్నాడు.

"ఆగు" అన్నాను.

అందరినీ పిలిచాను. కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్లు, కుర్చీలో మా ఆయన, నేను. చేతులు కట్టుకున్నాం. కొత్తాయన మమ్మల్ని వింతగా చూశాడు. నేను లెక్కపెట్టాను. ఆరు. "నిన్ను కల్పి ఏడుగురు" అనబోయి ఆగాను. తల మాత్రం ఊపాను.

ఫ్యాను తిరిగింది. మా ఆయన ఊపిరి నిదానించింది. అందరూ చేతులు దించి ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. నేను మాత్రం ఆ మెట్ల కింద అలాగే నిలబడ్డాను, చేతులు కట్టుకొని, ఎవరైనా వచ్చి లెక్కపెడతారేమోనని.