కట్ట మీద వెనక్కి నెట్టగలిగే బండి

మా చెల్లెలికి ఉద్యోగం ఇస్తామన్న రొయ్యల ల్యాబ్ మేనేజరు ఒకే షరతు పెట్టాడు. గేర్ల బండి నడపడం రావాలి. సముద్రం వైపు ఉన్న రొయ్యల గుంటల మధ్య మట్టి కట్టల మీద తిరుగుతూ నీటి శాంపిళ్లు తీసి, ఐసు పెట్టెలో సర్దుకుని, మధ్యాహ్నంలోపు ల్యాబ్‌కు చేర్చడమే ఆ పని. స్కూటర్ల చిన్న చక్రాలు ఆ బంకమట్టిలో దిగబడిపోతాయి కాబట్టి వాటితో వచ్చినవాళ్లెవరూ నిలవలేదట. నెలాఖరులో ఒకరోజు గుంటల మీద పని చేసి చూపించాలి. చేస్తే ఉద్యోగం ఆమెది. లేకపోతే ఆమె తరువాత ఇంటర్వ్యూకు వచ్చిన అబ్బాయిది.

చెల్లెలు చదివింది ఆక్వాకల్చర్ డిగ్రీ. ఏడాదిగా చేస్తున్నది మాత్రం బుచ్చిరెడ్డిపాలెంలో ఒక ధాన్యం కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని లారీ నంబర్లు ఎక్కించడం. చదువుకు తగిన పిలుపు రావడం ఇదే మొదటిసారి. గేర్లున్న బండిని ఆమె అంతవరకు స్టాండు వేయడానికి కూడా పట్టుకోలేదు.

చట్టం ఈ విషయంలో ఏ సాయమూ చేయదు. గేర్ల బండి లైసెన్సు ఒక్కటే. వంద సీసీకి అదే, ఐదొందల సీసీకీ అదే. కొత్తగా నేర్చుకునే మనిషికి ఎంత ఇంజన్ కావాలన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకోవాలి.

నేను మెకానికల్ ఇంజనీరును. జువ్వలదిన్నె హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో యంత్రాలు చూస్తాను. ఏది ఎంచుకోవాలన్నా ముందు ప్రమాణాలు రాసుకుని, వాటిని ప్రాధాన్యాన్ని బట్టి వరుసలో పెట్టి, ఆ తరువాతే వస్తువు వైపు చూస్తాను. కొత్తవాళ్ల బండికి నా వరుస ఇది: మొదట బరువు, తరువాత సీటు ఎత్తు, తరువాత తక్కువ వేగంలో ఇంజన్ లాగే బలం, ఆపైన యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఎంత నెమ్మదిగా స్పందిస్తుందన్నది. గరిష్ఠ వేగం అన్నిటికన్నా చివర. ఈ లెక్కన నూటపాతిక సీసీ దగ్గర ఆగాను.

ఆదివారం చర్చి నుంచి మాతోపాటు భోజనానికి వచ్చిన మేనమామ ఆ మాట వినగానే ముద్ద చేతిలోనే ఆపేశాడు. ఆయనది బియ్యం వ్యాపారం, ఇష్టం మాత్రం తన మూడొందల యాభై సీసీ బండి మీద.

"నూటపాతికా? పాలు పోసేవాళ్లు తోల్తారురా అది. పిల్ల ఉద్యోగానికి పోతావుంది. నా బండి తీసుకోమను. ఎంత ఎదురుగాలి కొట్టినా కదలదు."

"కదలకపోవడమే మామా నా భయం," అన్నాను.

అమ్మ చారు పోస్తూ, "ఆ లెక్కలన్నీ నాకొద్దు. కాళ్లు రెండూ నేలకి ఆనేది ఏదో అది చెప్పండి," అంది.

"తోలేది నేను. నన్నొక్కరూ అడగరే?" అంది చెల్లెలు.

"సరే, చెప్పు మే. నీకేం కావాల?" అన్నాడు మామ.

"మధ్యలో ఆగిపోనిది కావాల. గుంటల కాడ అందరూ మగోళ్లే. నా బండి ఆగిందంటే చాలు, సాయంత్రం దాకా నవ్వతారు."

ఆమె కోరింది చాలా సరైనదే. సీసీ అంటే పిస్టన్ సిలిండర్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు కదిలినప్పుడు ఊడ్చే జాగా. జాగా పెరిగితే సాధారణంగా లాగే బలం పెరుగుతుంది. మామ బండిలాంటివాటిలో ఆ బలం ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే అందుతుంది. అంటే క్లచ్ కొంచెం తొందరగా వదిలినా ఆగిపోదు. సీటు కూడా తక్కువ ఎత్తులోనే ఉంటుంది. గరిష్ఠ వేగాన్ని పక్కన పెడితే, నా నాలుగు ప్రమాణాల్లో మూడింటిలో అది నెగ్గేలా ఉంది. ఓడేది బరువు దగ్గర ఒక్కచోటే.

స్నేహితుడి నూటపాతిక బండి అరువు తెచ్చి, మామ బండితోపాటు రెండింటి మీదా కాలవ రోడ్డులో నేర్పించాను. రెండూ నేర్చుకుంది. నూటపాతిక మీద మొదట్లో ఎన్నోసార్లు ఆగిపోయింది. మామ బండి మీద దాదాపు ఆగనే లేదు. ఒకసారి గేరు మార్చడం కుదిరాక ఆ బండి గుడుగుడుమంటూ నిటారుగా, హుందాగా సాగింది.

"చూసినావా? రైలుపెట్టె మాదిరి పోతావుంది," అన్నాడు మామ.

"రైలు పట్టాల మీద పోతుంది మామా. ఇది కట్టల మీద పోవాల," అన్నాను గానీ, రోడ్డు మీద ఆయనదే పైచేయి అని నాకూ తెలుసు.

అందుకే పరీక్షకు ముందు ఒకసారి గుంటలు చూసి వద్దామన్నాను. ఆమె మామ బండి మీద ముందు, నేను నూటపాతిక మీద వెనక. వాన వెలిసిన మరుసటి ఉదయం అది. ఎండిన చోట ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది, తడి ఉన్న చోట నల్లమట్టి చక్రాలకు చుట్టుకుంటోంది. కట్టకు ఒక అంచున, గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు తీగలు, నీటి పైపులు. మిగిలిన దారిలో ఒక్క బండే పడుతుంది. రెండు గుంటలు కలిసే మూలల దగ్గర మాత్రమే కాస్త వెడల్పు.

సగం దారిలో మేత మూటలు వేసుకున్న బండి ఎదురొచ్చింది. ట్యాంకు మీద ఒక మూట, వెనక సీటు మీద ఒక మూట, మధ్యలో ఇరుక్కుని కూర్చున్న మనిషి. ఆయన ఆగి, తీరిగ్గా బీడీ తీశాడు.

"ఖాళీ బండి ఎనక్కి పోవాల పాపా. ఈడ పద్ధతి అది."

"యాడికన్నా?"

"ఆ మూల దాకా. మూటలేసుకున్నోడు ఎనక్కి ఎట్టా పోతాడు? ఖాళీగా ఉన్నోళ్లే పోవాల. ఓనరైనా అంతే."

మోటారుసైకిలుకు వెనక్కి వెళ్లే గేరు లేదు. చెల్లెలు ఇంజన్ ఆపి, కాళ్లతో నేలను తన్ని నెట్టబోయింది. బండి కదలలేదు. దిగి, హ్యాండిల్ పట్టుకుని వెనక్కి లాగింది. చెప్పులు జారాయి, హ్యాండిల్ ఒక పక్కకు తిరిగింది, వెనక చక్రం గుంట వైపు జరిగింది. నేను నా బండిని మూల దాకా నెట్టి స్టాండు వేసి పరుగెత్తాను. మేత మనిషి కూడా బండి దిగొచ్చి ఒక చెయ్యి వేశాడు. ముగ్గురం కలిసి లాగితే గాని ఆ మూడొందల యాభై మూలకు చేరలేదు.

"బండా పాపా ఇది, దున్నపోతా?" అని నవ్వి, ఆయన మూటలతో దాటిపోయాడు.

చెల్లెలు నవ్వలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నూటపాతిక తాళం అడిగింది. దాన్ని కట్ట మీదికి తీసుకెళ్లి, అదే చోట నుంచి అదే మూలకు ఒంటరిగా వెనక్కి నెట్టుకొచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ నెట్టుకొచ్చింది. "మామకు నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?" అంది.

మా వైపు బండి కొనేవాళ్లందరూ హైవే మీదికి తీసుకెళ్లి, ముందుకు ఎంత జోరుగా పోతుందో చూస్తారు. వెనక్కి ఎలా వస్తుందని చూసినవాణ్ణి నేను ఎరగను. నా ప్రమాణాల్లో బరువు ముందే ఉంది గాని, ఆ బరువును ఎక్కడ, ఎటు, ఎలా నిలబడి మోయాలన్నది లేదు. దాన్ని చేర్చి లెక్క మళ్లీ మొదలుపెట్టాను.

మామ గోదాము ముందు బస్తాలు దించడానికి కట్టిన వాలు ఉంది. తెలిసినవాళ్ల దగ్గర అడిగి ఒక వంద సీసీ, ఒక నూట అరవై కూడా అక్కడికి తెచ్చాం. వందను నెట్టడం అన్నిటికన్నా తేలిక. కానీ వెనక బియ్యం బస్తా కట్టి వాలు ఎక్కిస్తే, ఆమె క్లచ్‌ను సగం పట్టుకుని ఇంజన్‌ను గోల పెట్టించాల్సి వచ్చింది. అలవాటున్నవాళ్లు వందతోనే లాగించేస్తారు. కొత్తవాళ్లు క్లచ్ ప్లేట్లు కాల్చేస్తారు. నూట అరవై వాలు సునాయాసంగా ఎక్కింది. కానీ సీటు ఎత్తు, వెనక టైరు వెడల్పు. మునివేళ్ల మీద నిలబడి నెట్టడానికి ఆమెకు బలం చాలలేదు. నూటపాతిక బస్తాతో పైకి ఎక్కింది, మడమలు నేలకు ఆనించి వెనక్కీ వచ్చింది. అక్కడితో నాకు సందేహం లేదు.

ఆ సాయంత్రమంతా మామ వాలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చివరకు లేచి, "సరే, నూటపాతికే. రంగు మాత్రం నేను చెప్తా," అన్నాడు. ఎర్రది చెప్పాడు. చెల్లెలు నల్లది కొనుక్కుంది. ఆ ఆదివారం అమ్మ తాళాన్ని పాస్టరు గారి చేతిలో పెట్టి ప్రార్థన చేయించింది.

పరీక్ష రోజు వెనక సీటు మీద, ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని నేనూ వెళ్లాను. మేనేజరు కట్ట చివర షెడ్డులో కూర్చుని ఉన్నాడు. నన్నక్కడే దింపి, పెట్టెను సీటుకు తాళ్లతో బిగించుకుని ఆమె గుంటల వైపు వెళ్లింది. ఒక్కో గుంట దగ్గర ఆగి, సీసా నింపి, మూత బిగించి, పేరు రాసి పెట్టెలో పెట్టడం షెడ్డు నుంచి కనిపిస్తూనే ఉంది. తిరిగి వస్తుండగా, మాకు మాటలు వినపడేంత దూరంలో అదే మేత మనిషి మూటలతో ఎదురయ్యాడు.

"పాపా, ఈసారి నువ్వూ లోడే, నేనూ లోడే. ఏం చేద్దామంటావ్?"

"నీ మేత కరగదు గదన్నా. నా ఐసు కరుగుద్ది."

"నాలుగు సీసాల నీళ్లకు లోడని పేరా?"

"మీ గుంటల నీళ్లే అవి. రొయ్యకి జబ్బొస్తే రేపు నీకు మొయ్యను మూటలే ఉండవు."

ఆయన పెద్దగా నవ్వాడు గాని కదల్లేదు. కదలలేడు కూడా. ఆయన వెనక షెడ్డు దాకా ఎక్కడా వెడల్పు లేదు. చెల్లెలు ఒకసారి తల తిప్పి చూసింది. ఆమె వెనక మూల దగ్గరలోనే ఉంది.

"సరే, నా మూలే దగ్గర, నేనే పోతా. రేపట్నించి కూడా, ఇద్దరం లోడైతే ఎవురి మూల దగ్గరుంటే వాళ్లు పోవాల."

ఇంజన్ ఆపి, సీటు మీదే కూర్చుని, మడమలతో నెట్టుకుంటూ వెనక్కి వెళ్లింది. హ్యాండిల్ వంకర పోలేదు. పెట్టె కదలలేదు. మేత బండి దాటగానే మళ్లీ స్టార్టు చేసి షెడ్డు ముందుకొచ్చి ఆగింది.

మేనేజరు నా వైపు తిరిగి, "రేపట్నించి అంటావుంది. నేనింకా ఏం చెప్పనే లేదు," అన్నాడు. తరువాత ఆమెతో, "సరే, చెప్పినట్టే అనుకో. ముందు అవి ల్యాబ్‌కి చేర్చు. ఐసు కరుగుద్దన్నావు గదా," అన్నాడు.

ఆమె క్లచ్ పట్టుకుని గేరు వేసింది. వెనక సీటు మీద పెట్టె ఉంది కాబట్టి నాకు చోటు లేదు. "నువ్వు ఎట్టాగో రా అన్నా," అని వెళ్లిపోయింది.

మేత దించేసి వచ్చిన మనిషి నా పక్కన ఆగాడు. "ఎక్కు అబ్బయ్యా, తారు రోడ్డు దాకా దింపుతా. ఎదురు లోడు బండొస్తే మాత్రం ఇద్దరం దిగి నెట్టాల," అన్నాడు. సగం దారిలో వచ్చింది. దిగి నెట్టాం. ఆయనది పాత వంద సీసీ. తేలికగానే కదిలింది.