ఏ పేజీలో?

మైదా జిగురు ఉడికే వాసన వస్తే చాలు, నాకు చెంగల్రాయుడు సారు మీద మళ్లీ కోపం వస్తుంది. నిన్న సండే స్కూలు పటాలు అంటించడానికి పొయ్యి మీద జిగురు కలుపుతుంటే ఫోను మోగింది. వేరే లోకం వాళ్లు భూమికి వచ్చే ఆ పాత నవల గురించి మా పుస్తకాల గ్రూపులో ఒకామె రాసింది: "నేను చదవలేదు గానీ, చాలా బోరంట." దాని కింద పదకొండు మంది అవునన్నారు. గరిటె పక్కన పెట్టేశాను.

సారు రిటైరైన సైన్సు మాస్టారు. బంగారుపాళ్యంలో తన ఇంటి ముందుగదిలో గ్రంథాలయం నడిపేవారు. ప్రతి పుస్తకం చివర ఒక తెల్లకాగితం అంటించేవారు. చదివినవాళ్లు అందులో అభిప్రాయం రాయాలి. "బాగుంది" అని రాస్తే ఊరుకునేవారు కాదు. దాని కింద ఎర్ర పెన్సిలుతో "ఏ పేజీలో?" అని రాసేవారు. ఆ పెన్సిలు బాధ పడలేక పుస్తకాలు తీసుకోవడమే మానేసినవాళ్లున్నారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఆ నవల దేవుడి సృష్టిని కాదంటుందని ఎవరో చెప్పారు. దాన్ని గదిలోంచి తీసేయమని మా చర్చి సంఘంలో సంతకాలు సేకరించి సారు ముందు పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకుని పేర్లన్నీ చదివారు.

"మొదటి పేరు నీదే. సదివినావా పాపా?"

"లేదు సార్. అట్లాంటివి మేం సదవం."

"ఆదివారం పిల్లోళ్లకు ఆజ్ఞలు చెప్తావంట గదా. సూడనోడు సాక్ష్యం చెప్పొచ్చని యాడన్నా రాసుండాదా?"

అబద్ధ సాక్ష్యం గురించిన తొమ్మిదో ఆజ్ఞ ముందు వారమే పిల్లలకు చెప్పాను.

"తీసుకుపో. సదివినాక కూడా తప్పే అంటే పేజీ నెంబరు రాయి. నేనే తీసి పారేస్తా."

తప్పు దొరక్కుండా పోతుందా అని పంతం మీద చదివాను. వేరే లోకం నుంచి వచ్చినవాళ్లు మామిడితోటంత ఓడలో కూర్చుని, మనుషులు పలకరించేదాకా ఎదురుచూస్తారు. దగ్గరికి పోకుండానే అందరూ వాళ్ల మీద తీర్మానాలు చేస్తుంటారు. మధ్యలో ఓడ యంత్రాల వర్ణన ఎంతకీ తెగదు. దేవుణ్ణి కాదన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఒకచోటైతే ఆయన సృష్టి ఎంత పెద్దదో తోచి, పుస్తకం మూసి ప్రార్థన చేసుకున్నాను. ఆ సంగతి సారుకు చెప్పలేదు. మరీ మురిసిపోతారు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి, చూడనిదాని మీద సాక్ష్యం చెప్పానని, మీ అందరి చేతా చెప్పించానని ఒప్పుకున్నాను. సంతకం చేసిన పెద్దలకు కోపం వచ్చి, ప్రాణంగా చూసుకునే నా సండే స్కూలు తరగతిని ఏడాదిపాటు వేరేవాళ్లకు అప్పగించారు.

నవల చివరి కాగితం మీద "నూటపదో పేజీ నుంచి విసుగు" అని రాసిచ్చాను. సారు ఎర్ర పెన్సిలు ఎత్తలేదు.

"ఇదీ అభిప్రాయమంటే. ఇంగ లేసి జిగురు కలుపు, ఆ మూటలో పుస్తకాలకు కాగితాలు అంటించాల," అన్నారు. నా తరగతి పోయిందన్న బాధ ఆయనకు పట్టినట్టే లేదు.

సారు పోయి చాలా ఏళ్లయింది. నిన్న ఆ గ్రూపులో ఆమెకు "ఏ పేజీలో?" అని జవాబు పెట్టాను. "మీకు ఆ నవలంటే అంత ఇష్టమా అక్కా?" అని అడిగింది.

"లేదమ్మా. నూటపదో పేజీ నుంచి నచ్చలేదు," అని రాసి, అడుగంటుతున్న జిగురు దించాను.